ఆర్చి స్తంభానికి ఆరడుగుల ఖాళీ

అయినా గీత తరవాత ఎంత జాగా వదలాలన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఎక్కువ వదిలితే రాయి వెలితిగా కనిపిస్తుంది. తక్కువ వదిలితే రేపు తేదీ చెక్కేవాడు అంకెల్ని ఇరికించాలి, మనిషి తొందరపడి పోయినట్టు ఉంటుంది. నా భార్య సలోమి సమాధి రాయి మీద ఆమె పేరు పక్కనే నా పేరు చెక్కి, కింద పుట్టిన సంవత్సరం వేసి, అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత తరవాత నాలుగు వేళ్ల జాగా వదిలాను. ఏడేళ్లయింది. మూడు వేళ్లు చాలేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇదంతా నేను ‘గౌరవనీయులు’ అన్న మాటలో ‘వ’ చెక్కుతూ ఆలోచిస్తున్నాను. చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట ఉండడం నా వృత్తికి మంచిది. ఆళ్లగడ్డలో వీధికి పదిమంది శిల్పులున్నారు. వాళ్లందరూ దేవుళ్లను చెక్కుతారు. నేను పేర్లు చెక్కుతాను. దేవుళ్లకు కొలతలుంటాయి, పేర్లకు హోదాలుంటాయి. మంత్రికి మూడంగుళాల అక్షరం, ఎమ్మెల్యేకు రెండున్నర, ఆఫీసరుకు ఒకటిన్నర, కట్టిన మేస్త్రీకి అక్షరం ఉండదు. ప్రభుత్వం మారితే శిలాఫలకం కొత్తది చేయం. ఉన్నదాన్నే ఊడదీసి, తిప్పి, వెనక వైపు నున్నగా పట్టించి కొత్త పేర్లు చెక్కుతాం. పాత పేర్లు గోడవైపు చూస్తూ ఉండిపోతాయి. మూడో ప్రభుత్వం వస్తేనే కొత్త రాయి.

పేర్లతో పాటు సమాధి రాళ్లు కూడా చెక్కుతాను. మా క్రైస్తవ సంఘంలో భార్యాభర్తలకు ఒకే రాయి పెట్టడం అలవాటు. ముందు పోయినవారి పేరు పక్కనే ఉన్నవారి పేరు కూడా చెక్కేసి, గీత గీసి, మిగతాది దేవునికి వదిలేస్తాం. ఇంట్లో సలోమి నా ఎడమ పక్కన పడుకునేది. అందుకని నంద్యాలలో మా సంఘం సమాధుల జాగాలో ఆమె సమాధి తవ్వించిన రోజు, ఆమెకు కుడి పక్కన ఆరడుగుల జాగా కొలిచి వదిలించాను. ఆమె బడిలో పాఠాలు చెప్పి అలిసిపోయి వచ్చేది. “నీ ఉలి చప్పుడు ఇనపడితేనే నాకు నిద్ర పడతాదబ్బా” అనేది. నిద్ర పట్టించే పని ఇంకెవరికీ అప్పగించడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు చెక్కుతున్న రాయికి మూలం చైర్మన్ గారి ప్రకటన. నంద్యాల–ఆళ్లగడ్డ జంట పట్టణాల నివాసాభివృద్ధి మండలికి చైర్మన్ జీవన్ కుమార్ గారు. పదవి చేపట్టిన రోజే ఫంక్షన్ హాల్లో ఆయన చేసిన ప్రకటన పాఠకులు చదివే ఉంటారు.

“ఈ రోజు నుంచి మా పరిధిలో పచ్చదనం లేని ఇల్లు ఉండదు. లేఔట్ వేసేవాడు పది శాతం జాగా పార్కుకు వదలకపోతే ఒక్క హద్దురాయి పాతనియ్యను. వదిలినవాడికి పదిహేను రోజుల్లో పర్మిషన్. పచ్చదనమే నా ఊపిరి.”

వేదికకు రెండు వైపులా కుండీల్లో మొక్కలు పెట్టారు. సభ ముగిశాక డెకరేషన్ వాళ్లు వాటిని ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయారు. చైర్మన్ గారు ఆ తరవాత కూడా ఊపిరి తీసుకుంటూనే ఉన్నారు. అంతటి మనోధైర్యం నేను ఎక్కడా చూడలేదు.

ప్రకటన వచ్చిన నెలకు ఆదిశేషయ్య శెట్టి నా షెడ్డుకు వచ్చాడు. నంద్యాలలో విత్తనాల అంగడి ఆయనది. పొలాలకు విత్తనాలు అమ్మి, ఇప్పుడు పొలాలనే అమ్ముతున్నాడు. రంగుల కాగితం ఒకటి రాతి మీద పరిచాడు.

“సాయిశ్రీ గార్డెన్ సిటీ. మా మనవరాలి పేరు. నూట ఎనభై ప్లాట్లు. ప్రారంభానికి రాయి కావల్ల ప్రభుదాసూ. చైర్మన్ పేరు పెద్దగా చెక్కు, ఆఫీసరుది నడిపిగా, నాది చిన్నగా. మా సాయిశ్రీ పేరు మాత్రం అందరికంటే పెద్దగా ఉండల్ల.”

“పాపకు ఎన్నేండ్లన్నా?”

“మూడు.”

కాగితంలో ప్లాట్లన్నీ పసుపు రంగు గళ్లు. ఒక పక్కన పచ్చటి దీర్ఘచతురస్రం, దాని మీద ‘పార్కు’ అని రాసి ఉంది. నేను పేర్ల మనిషిని గాని ఆకారాలు కూడా గుర్తుపడతాను. ఆ పచ్చటి ముక్కకు ఈశాన్యం మూల తెగి ఉంది. పడమటి గోడ లోపలికి వంగి ఉంది. ఆ వంపు దగ్గరే సలోమి ఉంది.

“అన్నా, ఇది మా సమాధుల జాగా కదా.”

“ఔ.”

“మరి పార్కు అని రాసినారే.”

“చెట్లు ఉండాయా లేవా?”

“ఉండాయి.”

“మరి ఇంకేం. మీవాళ్లు యాపచెట్లు బాగా పెంచినారప్పా. పది శాతం అంటే నాకు పద్దెనిమిది ప్లాట్లు పోతాయి. పక్కనే ఇంత పచ్చగా ఉన్న జాగాను పెట్టుకోని, నేను మళ్లా కొత్తగా చెట్లు నాటేది నీళ్లు దండగ అన్నాడు ఆఫీసరు.”

“స్మశానం పక్కన ఇండ్లకు పర్మిషన్ ఇయ్యరంటారు.”

“ఇయ్యరు. అందుకే అది పార్కు. పార్కు పక్కన ఇస్తారు.”

ఆ వాదన ఎంత గట్టిగా ఉందంటే, నేను రాతిమీద వేలుతో తట్టి చూసినట్టు మనసులో తట్టి చూశాను. ఎక్కడా బోలు శబ్దం రాలేదు.

“నా భార్య ఆడనే ఉందన్నా.”

“ఉండనీప్పా. ఆయమ్మను ఎవరు పొమ్మంటాండారు? రంగే మారేది.”

అప్పుడు కాగితంలో ఆ పచ్చ ముక్క పడమటి వైపున ఒక ఎర్ర చుక్క కనిపించింది. అదేమిటని అడిగాను.

“ముఖద్వారం. పెద్ద ఆర్చి. రెండు స్తంభాలు. ఒకటి నా జాగాలో, ఒకటి ఆ పార్కులో. రోడ్డు నలభై అడుగులు ఉంటేనే పర్మిషన్. స్తంభం రోడ్డు మీద పడితే ముప్పై ఆరే మిగులుతాది. అందుకని పార్కులోకి జరిపినాడు సారు. గుంత ఆరడుగులు, నాలుగడుగులు.”

బొటనవేలితో కొలిచాను. మూడో వరస. చివరిదైన సలోమి రాయికి కుడి పక్క. నాలుగు వేళ్ల జాగా గురించి ఏడేళ్లు ఆలోచించిన మనిషిని, ఆరడుగుల జాగా గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

మరునాడు నంద్యాల బస్సెక్కాను. మండలి ప్రణాళికాధికారి ఉమాశంకర్ గారిని కలవడం కష్టమని అందరూ అన్నారు గాని, ఆయన వెంటనే కూర్చోమన్నారు. మనుషుల్ని తిప్పించుకోకూడదని చైర్మన్ గారి ఆదేశమట. ఫైలు తెరిచి నాకే చూపించారు. పార్కు మీద ఆయన రాసిన తనిఖీ నివేదిక చదివితే ఆ స్థలం మీద నాకే కొత్త గౌరవం కలిగింది. ‘నీడ: సమృద్ధి. కూర్చునే సదుపాయం: నల్లరాతి బల్లలు, 214. శబ్ద కాలుష్యం: లేదు. సందర్శకుల ప్రవర్తన: క్రమశిక్షణతో కూడినది.’

“నోటీసు కూడా ఇచ్చాం,” అన్నారు ఉమాశంకర్ గారు. “ఆక్షేపణలుంటే పదిహేను రోజుల్లో తెలపమని. గోడకు లోపలి వైపు అంటించాం.”

“లోపలి వైపెందుకు సార్?”

“సంబంధపడినవాళ్లు లోపలే ఉన్నారు గదా. ఒక్కరూ ఆక్షేపించలేదు. ఏకగ్రీవం.”

నా జాగా సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా వినే అధికారిని చూస్తే, అడగడానికి వచ్చినవాడు తన బాధ చిన్నదని తానే ఒప్పుకుంటాడు. నాకూ అలాగే అనిపించింది. ఇంత పెద్ద పట్టణంలో ఒక మనిషి ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు అన్నది ఏమంత సంగతి.

“ఆ జాగాలో ఎవరున్నారు?”

“నేను సార్. అంటే, నేను రావల్సింది.”

“మీరు బతికే ఉన్నారు.”

“ఉన్నాను సార్.”

“అక్కడే వచ్చింది చిక్కు.” ఆయన నిజంగానే బాధపడ్డారు. “రూలు చాలా సింపుల్ అండీ. ఆక్యుపైడ్ సమాధి జోలికి మేం పోం. సెంటిమెంటు. వేకెంట్ అయితేనే తవ్వుతాం. మీది వేకెంట్.”

“రాయి మీద నా పేరు ఉంది సార్.”

“పేరుంది. తేదీ లేదు. మా సర్వేయరు ఫోటో తీశాడు, చూడండి. అసంపూర్తి దరఖాస్తు కింద లెక్క.”

“తేదీ ఉంటే?”

“తేదీ ఉంటే మేం సర్టిఫికెట్ కూడా అడగం. రాయి చూస్తాం, ఫోటో కొడతాం, ఆక్యుపైడ్ అని రాస్తాం. సరళీకృత విధానం. అయితే ఏప్రిల్ నాలుగు నాటికి ఆక్యుపై అయి ఉండాలి. పర్మిషన్ ఆ తేదీన ఇచ్చాం.”

“ఇప్పుడు జూన్ కదా సార్.”

“అందుకే అంటున్నా. ఆలస్యమైంది.”

“ఇప్పుడు పోతే?”

“ఉపయోగం ఉండదు. అనవసరంగా శ్రమ పడొద్దు.”

ఆ సమయానికి అటెండరు ఇంకో ఫైలు తెచ్చి పెట్టాడు. ఉమాశంకర్ గారు సంతకం చేసి, కింద ‘మార్చి 28’ అని వేశారు. గోడ మీద క్యాలెండరు జూన్ పన్నెండు చూపిస్తోంది. నేను అంకెల వైపు చూడడం ఆయన గమనించారు. దాచుకోలేదు. చిన్నపిల్లవాడికి ఎక్కాలు చెప్పినట్టు చెప్పారు.

“పదిహేను రోజుల్లో పర్మిషన్ అన్నారు చైర్మన్ గారు. మాకు పట్టేది మూడు నెలలు. కాబట్టి తేదీని వెనక్కి తీసుకుపోతాం. ఫైలుకు తేదీ ముఖ్యం ప్రభుదాసు గారూ, రోజు కాదు.”

అంత స్పష్టమైన మాట నేను ఏ రాతి మీదా చెక్కలేదు.

ఆఫీసు బయట టీ అంగడి దగ్గర సాల్మన్ రాజు దొరికాడు. అధికార పార్టీ పట్టణ కార్యదర్శి, మా సంఘం కమిటీలో సభ్యుడు కూడా. రెండు పదవులకూ ఒకే తెల్ల చొక్కా వాడతాడు. సమాధుల జాగా పార్కు కావడానికి అభ్యంతరం లేదని సంఘం తరఫున సంతకం పెట్టింది ఆయనే అని అక్కడే తెలిసింది.

“మమ్మల్ని ఒక మాట అడగల్ల కదప్పా,” అన్నాను.

“ఎవర్ని అడగల్లన్నా? ఆడ ఉండేటోళ్లనా, ఈడ ఉండేటోళ్లనా? ఈడ ఉండేటోళ్లు ఏడాదికి ఒక దినం పోయి సున్నం కొట్టి వస్తారు. మా అమ్మ కూడా ఆడనే ఉంది. ఇన్నేండ్లూ ఆయమ్మను పలకరించినోడు లేడు. ఇప్పుడు చూడు, వాకింగ్ ట్రాక్ మా అమ్మ ముందర్నించే పోతాది. పొద్దున్నే ఐదు నూర్ల మంది నడుస్తారు. డాక్టర్లు, లాయర్లు.”

“నా జాగాలో స్తంభం వస్తాందంట.”

“నీ జాగాలో స్తంభమంటే చిన్న మాటనా? మూడంతస్తుల ఎత్తు. పైన లైట్లు. చచ్చినా దొరకదన్నా అట్లాంటి గుర్తు.”

“చచ్చినాక పండుకునేదానికి జాగా అడుగుతాండా నేను.”

“వేరే జాగా ఇప్పిస్తా. బేగా చెప్పు, ఏ వరస కావల్ల? గేటు దగ్గర కావల్నా? రోడ్డు ఫేసింగ్.”

“సలోమి పక్కన కావల్ల.”

సాల్మన్ రాజు టీ గ్లాసు పెట్టేసి నా భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు మరీ మనసు పెట్టుకుంటాండావు. ప్రారంభం రోజు చైర్మన్ చేత నీకు శాలువా కప్పిస్తాలే. శిలాఫలక శిల్పి అని మైకులో చెప్పిస్తా. సరేనా?”

సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. జీవితంలో నేను ఎవరికైనా కాదు అని చెప్పిన సందర్భం గుర్తుకు రాలేదు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెతికాను. నలభై కిలోమీటర్ల దూరంలో ఒక్కటే దొరికింది. ఆ మనిషి పరంజ్యోతి. ఆమె మొగుడు ఏసయ్య మార్కెట్ యార్డులో హమాలీ. పోయిన ఏడు ఎండాకాలంలో బస్తా దించుతూ పడిపోయాడు. సలోమి వరసకు అవతల, గోడ వారగా మట్టి దిబ్బ కింద ఉన్నాడు. పరంజ్యోతి మూడు సార్లు నా షెడ్డుకు వచ్చింది. “ఒగ చిన్న రాయి చాలన్నా. పేరొకటి ఉంటే చాలు,” అంది. మూడు సార్లూ చూద్దాంలే తల్లీ అన్నాను. చూద్దాం అంటే కాదు అనే అర్థం. ముప్పై ఏళ్లలో నేను చెప్పిన ‘కాదు’ అదొక్కటే. అది కూడా చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు.

రాయి పూర్తయింది. నల్లరాయి, మూడడుగులు, రెండడుగులు, అద్దంలా మెరుగు. నేను చెక్కినదాన్ని చదవను. అక్షరాన్ని అక్షరంగా చూస్తే ఉలి నడుస్తుంది. మాటగా చూస్తే ఆగుతుంది. ఈసారి ఎందుకో కడిగిన తరవాత పై నుంచి కింది దాకా చదివాను. ‘పచ్చని భవిష్యత్తుకు పునాది’ అని ఉంది. సాయిశ్రీ పేరు అందరికంటే పెద్దగా ఉంది. అన్నీ సరిగ్గా వచ్చాయి. ‘అనుమతి తేదీ: ఏప్రిల్ 4’ కూడా.

ప్రారంభం రోజు తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో రాయిని ఎక్కించుకుని నంద్యాల చేరాను. ఫలకం నిలబెట్టే దిమ్మె ముందురోజే కట్టారట, సిమెంటు ఇంకా ఆరలేదు. ప్రస్తుతానికి ఇనుప స్టాండు మీద నిలబెట్టి తెర కప్పేద్దాం, చైర్మన్ గారు లాగేది తెరనే కదా అన్నాడు షామియానా వాడు. అలాగే చేశాం. తరవాత ఉలి, సుత్తి తీసుకుని మూడో వరస దగ్గరికి వెళ్లాను.

గీత తరవాత నాలుగు వేళ్ల జాగా అలాగే ఉంది. మోకాళ్ల మీద కూర్చున్నాను. ‘ఏప్రిల్ 3’ అని చెక్కి, సంవత్సరం వేశాను. నాలుగు వేళ్లు సరిగ్గా సరిపోయాయి. మూడు వేళ్లయితే ఇరుకయ్యేది. ఏడేళ్ల సందేహం తీరింది.

తొమ్మిదింటికి ఉమాశంకర్ గారు సర్వేయరుతో వచ్చారు. వెనక సాల్మన్ రాజు, ఆదిశేషయ్య శెట్టి. స్తంభం గుంతకు సున్నంతో దీర్ఘచతురస్రం గీసి ఉంది. చైర్మన్ గారు గడ్డపారతో మొదటి పోటు వేయాలి. ఉమాశంకర్ గారు సున్నం గీతను చూసి, పక్కన రాయిని చూసి, వంగి మళ్లీ చూశారు.

“ఇదెప్పుడు జరిగింది?”

“ఏప్రిల్ మూడు సార్,” అన్నాను.

ఆయన నా మొహం చూశారు. నా చేతిలో ఉలి చూశారు. ముంజేతుల దాకా పట్టిన రాతి పొడి చూశారు.

“అయ్యో. ఏమైంది పాపం?”

“గుండె సార్.”

“వయసెంత?”

“యాభై ఎనిమిది.”

“చిన్న వయసే.” సర్వేయరు వైపు తిరిగారు. “ఫోటో కొట్టవయ్యా. పర్మిషన్‌కు ఒక రోజు ముందే ఆక్యుపై అయింది. మన దగ్గర పాత ఫోటో ఉంది గదా, దాన్ని తీసెయ్. పెద్దాయనా, మీరు కొంచెం పక్కకు జరగండి, నీడ పడుతోంది.”

జరిగాను. ఫోటో తీశారు. ఆఫీసు యాప్‌లో సంతాపం అని ఒక గడి ఉందట. దానికి కూడా ఫోటో కావాలట. అందుకని ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు ఉమాశంకర్ గారు. అందరూ తలలు వంచారు. నేను కూడా నెత్తిన చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నిమిషం చాలా పొడుగ్గా ఉంది. నిజంగానే కొంచెం దుఃఖం వచ్చింది.

సాల్మన్ రాజు తల వంచుకునే నా చెవి దగ్గర అన్నాడు. “అన్నా, శాలువా లిస్టులో నీ పేరు కొట్టేయల్ల మరి. సారు ముందర బాగుండదు.”

“కొట్టెయ్యప్పా.”

ఆదిశేషయ్య ఒక్కడే లెక్కలో పడ్డాడు. “సార్, పోయినోడు పోయినాడు. నా స్తంభం సంగతేంది? చైర్మన్ దారిలో ఉండాడంట.”

“కంగారెందుకండీ. ఆరడుగులు గోడ పక్కకు జరుపుదాం. రోడ్డుకు ఇబ్బంది లేదు.” సర్వేయరు సున్నం డబ్బా తీసుకుని కదిలాడు. కొత్త దీర్ఘచతురస్రం మట్టి దిబ్బ మీదుగా పడింది. దిబ్బ మీద ఎండిపోయిన బంతిపూల దండ ఒకటి ఉంది. దానిమీద కూడా సున్నం పడింది.

“సార్, ఆడ ఏసయ్య ఉన్నాడు,” అన్నాను.

“ఎక్కడ?”

“ఆ దిబ్బ కింద. పోయిన ఏడే పెట్టినారు.”

“రాయేది?”

“రాయి లేదు సార్.”

“రాయి లేకుండా ఉన్నాడంటే ఎట్లా?” ఉమాశంకర్ గారు ఓపికగా అన్నారు. “రేపు ఎవరైనా వచ్చి ఏ దిబ్బ చూపించినా మేం ఒప్పుకోవాలి. అప్పుడు ఊర్లో ఒక్క ఇల్లు కట్టగలమా? వేకెంట్ అంటే వేకెంటే.”

“హమాలీ ఏసయ్యనా?” అన్నాడు సాల్మన్ రాజు. “వానికి పార్టీ సభ్యత్వం కూడా లేకుండె. మాకు ఓటేసినోడు కాదులే.”

“రాయి ఉంటే సార్?” అని అడిగాను.

“రాయి ఉండి, తేదీ ఉంటే మేమెందుకు ముట్టుకుంటాం?” ఆ మాట అంటుండగానే ఆయన ఫోను మోగింది. చైర్మన్ గారు బైపాసు దాటారట. అందరూ దండలు పట్టుకుని గేటు వైపు పరుగెత్తారు. సర్వేయరు కూడా సున్నం డబ్బా దిబ్బ పక్కనే పెట్టి పరుగెత్తాడు. డప్పులవాళ్లు డప్పులు కాచుకోవడం మొదలుపెట్టారు. గడ్డపారకు కట్టిన ఎర్ర రిబ్బను గాలికి ఊగుతోంది.

నాకు ఎందుకో తొందర అనిపించలేదు. చనిపోయిన మనిషికి ఎవరూ పని చెప్పరు. షామియానా కింద తెర కప్పిన స్టాండు ఒంటరిగా ఉంది. వెళ్లి తెర పైకెత్తాను. రాయిని రెండు చేతులా దింపుకుని, తెరను మళ్లీ అలాగే సర్దాను. కుచ్చులు కూడా సరిచేశాను. వెనక ఏమీ లేదని ఎవరికీ తెలిసే వీలు లేదు.

నల్లరాయి బరువే. అయినా మోయగలిగాను. దిబ్బ మీది సున్నం కాలితో చెరిపి, దండను పక్కకు తీసి, రాయిని నేల మీద పడుకోబెట్టాను. చైర్మన్ గారు, ఉమాశంకర్ గారు, శెట్టి, మూడేళ్ల సాయిశ్రీ, అందరి పేర్లూ మట్టి వైపుకు తిరిగాయి. వెనక వైపు గరుకుగా ఉంది. మెరుగు పట్టించే వ్యవధి లేదు. పక్కన సలోమి ఉంది.

గేటు దగ్గర టపాకాయలు పేలాయి. కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఏసయ్య ఎంత పొడుగున్నాడో గుర్తు చేసుకుని, పేరుకు ఎంత జాగా పడుతుందో వేళ్లతో కొలిచి, ఉలి ఆనించి, ‘ఏ’ మొదలుపెట్టాను.